చక్కెర దారిలో వెళ్లి బాక్టీరియాను ఆపే అణువులు

విద్యార్థులారా, మిత్రులారా,

బాక్టీరియాను ఆపాలంటే దాన్ని చంపే మందే ఉండాలని చాలామంది అనుకుంటారు. ఒక్కోసారి దాని తిండిలో చిన్న మార్పు చాలు. గ్లూకోజ్ మొదటి కార్బన్ దగ్గర ఒక మిథైల్‌ను (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న గుంపు) తగిలిస్తే ఆల్ఫా మిథైల్ గ్లూకోసైడ్ అవుతుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా దీన్ని కూడా గ్లూకోజ్ దారిలోనే లోపలికి తీసుకుంటుంది.

ఆ దారి ఎలా పనిచేస్తుందో 1964లో రోజ్‌మన్, కుండిగ్, ఘోష్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. చక్కెర లోపలికి వస్తుండగానే దానికి ఫాస్ఫేట్ (భాస్వరం, ఆక్సిజన్ ఉన్న చిన్న గుంపు) అంటుకుంటుంది. ఆ ఫాస్ఫేట్‌ను ఇచ్చేది పీఈపీ అనే అణువు. గ్లూకోజ్‌కు ఒక పీఈపీ ఖర్చయితే, ఆ గ్లూకోజ్ విరిగాక రెండు పీఈపీలు తిరిగొస్తాయి. మార్చిన చక్కెర మాత్రం విరగదు. పెట్టుబడి పోతుంది, రాబడి ఉండదు. లోపల ఫాస్ఫేట్ చక్కెర పేరుకుపోతుంది, పీఈపీ తగ్గిపోతుంది, పెరుగుదల ఆగిపోతుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ తర్వాత జరిగేది. కణం ఈ ఇబ్బందిని పసిగట్టి ఎస్‌జీఆర్‌ఎస్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను తయారుచేస్తుంది. ఇది గ్లూకోజ్ రవాణా ప్రోటీన్‌కు సంబంధించిన సందేశ ఆర్‌ఎన్‌ఏకు (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే అణువుకు) అతుక్కుని, కొత్త ప్రోటీన్ తయారీని ఆపి, ఆ సందేశాన్నే నాశనం చేయిస్తుంది. మరి అప్పటికే కణం పొరలో ఉన్న రవాణా ప్రోటీన్ల సంగతి? అదే ఆర్‌ఎన్‌ఏలో 43 అమైనో ఆమ్లాల ఎస్‌జీఆర్‌టీ అనే చిన్న ప్రోటీన్‌కు కూడా సమాచారం ఉంది. వాటి పనిని ఇది అడ్డుకుంటుంది. ఒకే అణువులో రెండు రకాల రక్షణ! 2004లో వాండర్‌పూల్, గాట్స్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆర్‌ఎన్‌ఏ పనిని వివరించారు. కానీ ఈ రక్షణకు మూల్యం ఉంది: దారి మూసుకుంటే అసలైన గ్లూకోజ్ కూడా సరిగా అందదు.

మన నోట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. పళ్లు పుచ్చడానికి ముఖ్య కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బాక్టీరియా, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ అనే తీపి పదార్థాన్ని ఫ్రక్టోజ్ (పండ్లలోని చక్కెర) దారిలో తీసుకుని దానికి ఫాస్ఫేట్ అంటిస్తుంది. దాన్ని వాడుకోలేక, ఫాస్ఫేట్ తీసేసి బయటకు పంపుతుంది. ఇలా లోపలికీ బయటికీ తిప్పడంలోనే శక్తి వృథా అవుతుంది. 1970లలో ఫిన్‌లాండ్‌లోని టుర్కులో జరిగిన అధ్యయనాలతో జైలిటాల్ చూయింగ్ గమ్‌కు పేరొచ్చింది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం జైలిటాల్ దానికి అందకుండా చూడండి, చిన్న మోతాదు కూడా ప్రాణాంతకం కావచ్చు.

అయితే జైలిటాల్‌ను బ్రష్‌కు బదులు వాడొచ్చని నేను అనను. ఎక్కువకాలం వాడేవారి నోట్లో, ఆ ఫ్రక్టోజ్ దారిని వదులుకున్న మ్యూటన్స్ రకాలు పైచేయి సాధిస్తాయి. జైలిటాల్ వాటిలోకి వెళ్లలేకపోతుంది, కాబట్టి వాటి పెరుగుదలనూ ఆపలేకపోతుంది.