ఇంట్లో ఎవరికైనా ఉందా? పెళ్ళివాళ్ళు అడిగేది, డాక్టరు అడిగేది

నమస్తే అండీ. మా తిరుపతి, చిత్తూరు వైపు పెళ్ళి సంబంధం వస్తే జాతకం, పొలం, ఉద్యోగం అన్నీ అయ్యాక గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు. "వాళ్ళింట్లో ఎవరికైనా మెంటలంటనా?" ఎప్పుడో పెదనాన్న ఏడాదిపాటు ఎవరితోనూ పలక్కుండా మంచం పట్టాడని తెలిస్తే చాలు, సంబంధం తప్పిపోయినట్టే.

ఈ లెక్క తప్పండీ. 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్ళు పట్టలేని హుషారు, కొన్నాళ్ళు తీవ్రమైన దిగులు), డిప్రెషన్, ఆటిజం, ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరకపోవడం) ఉన్న 33,332 మంది డీఎన్‌ఏని ఈ జబ్బులు లేని 27,888 మందితో పోల్చారు. ఈ జబ్బులకి ఉమ్మడిగా ముప్పు పెంచే తేడాలు దొరికాయి. వాటిలో కొన్ని మెదడు కణాల్లోకి కాల్షియం వెళ్ళే దారులకి సంబంధించిన జన్యువుల్లో ఉన్నాయి. 2019లో ఎనిమిది జబ్బులు కలిపి చూస్తే, ఒకటికి మించిన జబ్బులతో ముడిపడిన చోట్లు డీఎన్‌ఏలో 109 తేలాయి. ఒక్కో తేడా పెంచే ముప్పు మాత్రం చాలా కొంచెం. అవి ఎంతో కొంత మీలోనూ ఉంటాయి, నాలోనూ ఉంటాయి. ఏ ఇల్లూ మినహాయింపు కాదు.

సరే, వారసత్వం అసలు లేదా? ఉంది. స్కిజోఫ్రీనియా మామూలుగా నూటికి ఒకరికి వస్తే, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు నూటికి సుమారు పదిమందికి వస్తుంది. అంటే తొంభైమందికి రాదు. పైగా డీఎన్‌ఏ పరిశోధనలు ప్రధానంగా యూరప్ మూలాలవాళ్ళ మీద చేసినవి, మనకీ అచ్చం అలాగే వర్తిస్తాయని చెప్పలేం. కాబట్టి జీన్ టెస్టుతో మీ పిల్లాడి భవిష్యత్తు చెబుతామని ఎవరైనా అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

నాకు బాధనిపించేది వేరే ఉంది. పెళ్ళివాళ్ళ దగ్గర దాచీ దాచీ, డాక్టరు దగ్గర కూడా దాచేస్తాం. కూతురికి డిప్రెషనని ఓపీకి తీసుకొస్తారు. "ఇంట్లో ఇంకెవరికైనా?" అని అడగ్గానే అమ్మ "అబ్బే, లేదు సార్" అంటుంది. బయటికొచ్చాక మెట్ల మీద, "మా తమ్ముడు కొన్నాళ్ళు నిద్దరే పోలేదు, రాత్రీ పగలూ మాట్లాడతానే ఉండె, ఉన్న డబ్బంతా పంచేసినాడు" అంటుంది. ఆ కబురు లోపల చెప్పాల్సింది తల్లీ! అది బైపోలార్ కావచ్చు. ఆ అమ్మాయిదీ పైకి డిప్రెషన్‌లా కనిపిస్తున్న బైపోలారే అయితే, డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇచ్చినప్పుడు అవి కొందరిలో మేనియాని, అంటే ఆ పట్టలేని హుషారుని, ఎగదోస్తాయి. డాక్టరు అడిగేది అందుకే.

జబ్బు పేరు తెలియకపోయినా పర్లేదు. అమ్మ వైపు, నాన్న వైపు ఎవరెలా ఉండేవారో చూసింది చూసినట్టు చెప్పండి. పక్కన బంధువులుంటే ఇబ్బందా? వాళ్ళని కాసేపు బయట కూర్చోబెట్టమని డాక్టరునే అడగండి.