సూయజ్‌లో ఓడింది పౌండు

శ్రోతలకు నమస్కారం.

అగ్రరాజ్యాల పతనం అనగానే మనకు యుద్ధాలు గుర్తొస్తాయి. కానీ ఆ పతనం ముందుగా బయటపడేది విదేశీ మారక నిల్వల లెక్కల్లోనే. 1956లో బ్రిటన్‌కు సూయజ్ దగ్గర ఏం జరిగిందో చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

ఆ ఏడాది జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశారు. అందులో 44 శాతం వాటా బ్రిటిష్ ప్రభుత్వానిదే. పశ్చిమ ఐరోపాకు చేరే చమురులో సుమారు మూడింట రెండొంతులు ఆ దారినే వచ్చేది. బ్రిటిష్ ప్రధాని ఆంథొనీ ఈడెన్ ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో రహస్యంగా ఒప్పందం చేసుకున్నారు. అక్టోబర్ 29న ఇజ్రాయెల్ దాడి మొదలుపెట్టింది. రెండు రోజులకు బ్రిటిష్, ఫ్రెంచి విమానాలు బాంబులు వేశాయి. నవంబర్ 5న పారాట్రూపర్లు దిగారు, మర్నాడు ఓడల మీద సైన్యం వచ్చింది, కాలువ ఉత్తరపు కొసన ఉన్న రేవు పట్టణం పోర్ట్ సయీద్ చిక్కింది. సరిగ్గా ఆ అర్ధరాత్రే కాల్పుల విరమణ! కాలువ పొడవునా ముందుకు సాగుతున్న సైన్యాన్ని మధ్యలో ఎందుకు ఆపేశారు?

సోవియట్ యూనియన్ రాకెట్ల పేరెత్తి బెదిరించిన మాట నిజమే. ఐక్యరాజ్యసమితిలో భారత్‌తో సహా అత్యధిక దేశాలు దాడిని వ్యతిరేకించాయి. అయితే బ్రిటిష్ మంత్రివర్గం మెడ మీద కత్తిలా వేలాడింది పౌండు.

అప్పట్లో ఒక పౌండుకు 2.80 డాలర్లని స్థిరమైన రేటు ఉండేది. ఎవరైనా పౌండ్లు అమ్ముకుంటుంటే, ఆ రేటు పడిపోకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న డాలర్లిచ్చి వాటిని కొనాలి. పౌండు మీద నమ్మకం సడలిన కొద్దీ అమ్మేవాళ్లు పెరుగుతారు, డాలర్లు కరిగిపోతాయి. సెప్టెంబర్‌లో నిల్వలు 5 కోట్ల 70 లక్షల డాలర్లు తగ్గాయి. అక్టోబర్‌లో 8 కోట్ల 40 లక్షలు. ఒక్క నవంబర్‌లోనే 27 కోట్ల 90 లక్షలు! నిల్వలు 200 కోట్ల డాలర్లకు దిగువకు పడితే ప్రమాదమని లండన్ భావించేది. ఆ గీత దాటిపోయింది.

ఇటువంటప్పుడు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి డాలర్లు తీసుకోవచ్చు. అక్కడ బ్రిటన్ కోటా, అంటే ఆ నిధిలో దానికి కేటాయించిన వాటా, 130 కోట్ల డాలర్లు. కానీ పెద్ద మొత్తం కావాలంటే అమెరికా ఒప్పుకోవాలి. సైన్యం వెనక్కి వచ్చేదాకా సాయం లేదని అమెరికా ఆర్థిక మంత్రి జార్జ్ హంఫ్రీ తేల్చి చెప్పారు. ఇక్కడ ఫ్రాన్స్ ముందుచూపు గమనించాలి. యుద్ధానికి ముందే, అక్టోబర్‌లోనే, అది ద్రవ్యనిధితో 26 కోట్ల 25 లక్షల డాలర్ల ఏర్పాటు చేసుకుంది. బ్రిటన్ ఆ పని చేయలేదు. అదీ, మిత్రుడే కదా అడ్డు చెప్పడులే అన్న ధీమాతో. నా దృష్టిలో ఈడెన్ ప్రభుత్వం చేసిన అతి పెద్ద పొరపాటు ఇదే.

డిసెంబర్ 3న సైన్యాన్ని వెనక్కి పిలుస్తామని ప్రకటించారు. సరిగ్గా వారానికి, డిసెంబర్ 10న, ద్రవ్యనిధి 56 కోట్ల 10 లక్షలు వెంటనే, మరో 73 కోట్ల 90 లక్షలు అవసరమైతే ఇస్తామని ఒప్పుకుంది. రెండూ కలిపితే కోటా మొత్తానికి సమానం. 1957 జనవరి 9న ఈడెన్ రాజీనామా చేశారు.

ఈ బలహీనతకు మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. యుద్ధం ఖర్చుకు బ్రిటన్ అప్పులపాలైంది. మన దేశానికే, ఇక్కడ సేకరించిన సరుకులకు, సైనిక సేవలకు గాను, దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది. 1946లో అమెరికా 375 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. ఆ అమెరికా అప్పు చివరి వాయిదా 2006 డిసెంబర్‌లో గాని తీరలేదు.

సూయజ్ తర్వాత మిగిలింది లాంఛనమే. 1967 నవంబర్‌లో పౌండు 2.40 డాలర్లకు దిగింది. రెండు నెలలకే సింగపూర్, మలేసియా, గల్ఫ్ ప్రాంతాల నుంచి 1971 ఆఖరులోగా వైదొలుగుతామని అప్పటి బ్రిటిష్ ప్రధాని విల్సన్ ప్రభుత్వం ప్రకటించింది. బహ్రెయిన్‌లో బ్రిటిష్ నౌకాదళం ఖాళీ చేసిన స్థావరంలోకి అమెరికా నౌకాదళం వచ్చి చేరింది.

మరి ఇవాళ డాలరుకూ ఇదే గతా? అలా ఉన్నపళంగా జరగదు. అమెరికా అప్పు సొంత కరెన్సీలోనే ఉంది. 1971 ఆగస్టులో బంగారంతో ముడి తెంచుకున్నాక కాపాడాల్సిన స్థిరమైన రేటంటూ దానికి లేదు. అందుకే దాని బలం తగ్గినా మెల్లగానే తగ్గుతుంది. ఆ సూచనలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. ఈ శతాబ్దం మొదట్లో ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వల్లో డాలరు వాటా 70 శాతం పైమాట. 2024 నాటికి 60 శాతానికి దిగువకు వచ్చింది. అదే ఏడాది అమెరికా తన అప్పుల మీద కట్టిన వడ్డీ రక్షణ ఖర్చును మించింది. 2022లో రష్యా విదేశీ నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక మిగతా దేశాలు జాగ్రత్తపడ్డాయి. ఆ ఏడాది నుంచి వరుసగా మూడేళ్లు కేంద్ర బ్యాంకులు ఏటా 1,000 టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు కూడా 2023-24లో సుమారు 100 టన్నుల బంగారాన్ని లండన్ నుంచి స్వదేశానికి తరలించింది.