మట్టి బాక్టీరియా కొవ్వు ఎందుకు దాస్తుంది? నెల్లూరు స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: మైక్రోబయాలజీ లెక్చరర్, యాంటీబయాటిక్ ఫ్యాక్టరీలో ఫెర్మెంటేషన్ చూసి రిటైరైన ఇంజనీర్, కోవూరు వైపు వరి, రొయ్యలు రెండూ చేసే రైతు.)

యాంకర్: తొలకరి పడగానే మట్టి వాసన వస్తుంది కదా మేడమ్, అది బాక్టీరియా పనేనంటారు. నిజమేనా?

లెక్చరర్: నిజమేనండీ. స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా చేసే జియోస్మిన్ అందులో ముఖ్యమైనది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్స్ కూడా ఈ జాతి నుంచి వచ్చినవే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన నడిపిస్తున్న కాలంలో, 1948లో బయటికొచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టిలో దొరికిందే.

రైతు: క్లోరాంఫెనికాల్ పేరెత్తబాకండి మేడమ్! రొయ్యల్లో అది నిషేధం, ఎక్స్‌పోర్ట్ వాళ్లు వింటే కంటైనర్ వెనక్కొస్తది. (నవ్వులు)

యాంకర్: ఇంతకీ ఈ కొవ్వు సంగతేంటి?

లెక్చరర్: ఈ స్ట్రెప్టోమైసిస్ పెరిగేటప్పుడు మిగులు తిండిని నూనె బొట్లుగా ఒంట్లో దాస్తుంది. మనకు పొట్ట దగ్గర చేరే ట్రైగ్లిజరైడే. సుడాన్ బ్లాక్ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే, సన్నటి దారాల్లాంటి ఒంట్లో నల్లటి చుక్కలు వరసగా కనపడతాయి. ఇప్పుడు చూడండి, కొవ్వుకూ చాలా యాంటీబయాటిక్స్‌కూ ముడిసరుకు ఒకటే, అసిటైల్ కోఎంజైమ్-ఏ. ఒకవైపు ఎక్కువ పోతే రెండోవైపు తగ్గాలి. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్, లివిడాన్స్ దాదాపు అన్నదమ్ములు. సీలికలర్ ప్లేటు నీలంగా మారిపోతుంది, ఆ నీలమే ఆక్టినోరోడిన్ అనే యాంటీబయాటిక్. కొవ్వు మాత్రం దానిలో తక్కువ. లివిడాన్స్‌కు ఆ నీలం చేసే జన్యువులు ఉన్నా మామూలుగా పెద్దగా వాడదు, కొవ్వు బాగా పెడుతుంది. ఫ్రాన్స్‌లో ఒక బృందం ఏళ్ల తరబడి ఈ జంట మీదే పనిచేసింది. సీలికలర్ తిన్నది తిన్నట్టు కాల్చేస్తుంది, దాచుకోదు అని వాళ్లు తేల్చారు.

ఇంజనీర్: మేడమ్ చెప్పింది సగమే ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీలో మేం సోయా నూనె పోసేవాళ్లం. నురగ అణగడానికే అనుకుంటారు చాలామంది, కానీ అది తిండి కూడా. కొవ్వు శత్రువే అయితే నూనె పోసినప్పుడు మందు తగ్గాలి కదా? బ్యాచ్ మొదట్లో బాక్టీరియా పెరుగుతుంది, మందు రాదు. పెరుగుదల ఆగాకే వస్తుంది. అప్పటికి ట్యాంకులో చక్కెర అయిపోవస్తుంది. మరి ముడిసరుకు ఎక్కణ్ణుంచి వస్తుందండీ? దాచుకున్న కొవ్వే కరుగుతుండొచ్చని 1994లోనే ఒక పేపర్ వచ్చింది.

రైతు: అంటే గాదెలో వడ్లు ఉన్నంత మాత్రాన కాదు, ఎప్పుడు దించుతామనేదే లెక్క. అంతేనా?

ఇంజనీర్: అంతే. 2020లో చైనా పరిశోధకులు చేసింది అదే. కొవ్వును కరిగించే దారిలో ఒక జన్యువుకు స్విచ్ పెట్టారు. పెరుగుదల అయ్యాక సరైన సమయంలో ఆ స్విచ్ వేశారు. లక్షా ఎనభై వేల లీటర్ల ఇండస్ట్రియల్ ట్యాంకులో అవర్‌మెక్టిన్ 50 శాతం పెరిగి లీటరుకు 9.31 గ్రాములకు చేరింది. ఇది ల్యాబు ఫ్లాస్కులో లెక్క కాదు, అందుకే నాకు నమ్మకం.

లెక్చరర్: అవర్‌మెక్టిన్ బాక్టీరియాను చంపేది కాదు, పురుగుల మందు. ప్రకాశం జిల్లాలో శనగకు పచ్చపురుగు పడితే కొట్టే ఇమామెక్టిన్ దాన్నుంచి చేసిందే. అసలు బాక్టీరియాను జపాన్ మట్టిలో పట్టిన సతోషి ఒమురాకు 2015లో నోబెల్ వచ్చింది.

రైతు: ఇంకొకటి. డీఏపీ ఎక్కువేస్తే నేలలో ఈ మందు తగ్గుద్దా?

లెక్చరర్: మంచి ప్రశ్న! ఫ్లాస్కులో అయితే తగ్గుతుంది. డీఏపీలో ఉండే ఫాస్ఫేట్ ఎక్కువైతే చాలా స్ట్రెప్టోమైసిస్‌లు మందు చేయడం ఆపేస్తాయి.

ఇంజనీర్: అందుకే బాక్టీరియాకు ట్యాంకులో పెట్టే తిండిలో ఫాస్ఫేట్‌ను గీసి గీసి వేసేవాళ్లం. కొంచెం ఎక్కువైతే బ్యాచ్ మొత్తం పెరుగుదలకే పోయి, మందు దగ్గర మొండిచెయ్యి చూపించేది. ఆ రాత్రులు టెన్షనే.

లెక్చరర్: కానీ పొలం సంగతి వేరు. వేసిన ఫాస్ఫేట్‌లో చాలా భాగం నేలలో కాల్షియంతోనో ఇనుముతోనో పట్టుకుపోతుంది. ఫ్లాస్కు ఫలితం చూపించి మీ డీఏపీ బస్తా తగ్గించమని నేను చెప్పను.

యాంకర్: చివరి ప్రశ్న సార్. ఆ స్విచ్ ముందే వేస్తే?

ఇంజనీర్: దాచేలోపే ఖర్చయిపోతుంది. అప్పుడు కొవ్వూ ఉండదు, చేయాల్సిన బాక్టీరియా కూడా సరిగా పెరగదు. అందుకే వాళ్లు గంటలు మార్చి మార్చి పరీక్షించారు.