పర్లాకిమిడిలో ఉచిత పైథాన్ సెమినార్: ముందు రోజే చేయాల్సిన పని

(తెర: కాలేజీ ల్యాబు, పాత కంప్యూటర్ల వరస)

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే సెమినార్ ఉచితమే, కానీ నేర్పడానికి వచ్చే నిపుణుడి టైము ఉచితం కాదు. బరంపురం నుంచి వచ్చిన మనిషి మూడు గంటలు ఉంటే, అందులో గంటన్నర "సార్, నా మెషీన్‌లో పైథాన్ ఎక్కట్లేదు" అనే మాటకే పోతుంది. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ల్యాబు చూసుకునేవాళ్లు ముందు రోజు ఒక పూట పెడితే ఇది తప్పుతుంది.

మొదట విండోస్ చూడండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'విన్‌వర్' అని కొట్టండి. విండోస్ 7 కనబడితే పైథాన్ 3.8 దగ్గరే ఆగాలి. 3.9, ఆపై వెర్షన్లు దాంట్లో ఎక్కవు. ఈ సంగతి వచ్చే ఆయనకు ముందే చెప్పండి. ఒక విలువను బట్టి ఏ పని చేయాలో ఎంచుకునే 'మ్యాచ్-కేస్' అనే వాక్యం 3.10లో వచ్చింది. ఆయన బోర్డు మీద అది రాస్తే మీ మెషీన్లన్నీ సింటాక్స్ ఎర్రర్ (రాసిన తీరు తప్పు) అంటాయి, తప్పు తమదేనని పిల్లలు అనుకుంటారు.

(తెర: ఇన్‌స్టాలర్ మొదటి పేజీ, అడుగున ఉన్న గడి చుట్టూ ఎర్ర గీత)

ఈ 'పాత్' గడిలో టిక్ పెట్టకుండా ముందుకు వెళ్లొద్దు, పైథాన్ ఎక్కడుందో విండోస్‌కు చెప్పేది ఇదే. మరిచిపోతే, విండోస్ 10, 11లో కమాండ్ ప్రాంప్ట్‌లో 'పైథాన్' అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. అలాంటప్పుడు పీ, వై అని రెండక్షరాలు కొట్టి చూడండి, చాలావరకు నడుస్తుంది.

లెక్కలకు వాడే నమ్‌పై లాంటి ప్యాకేజీలు (పైథాన్‌కు విడిగా చేర్చుకునేవి) కావాలా? ఒక్క ఫోను హాట్‌స్పాట్ మీద 20 మెషీన్లు లాగితే ఏదీ పూర్తికాదు. నెట్ బాగున్న చోట, ప్యాకేజీలు ఎక్కించే పిప్ అనే పనిముట్టులోని 'పిప్ డౌన్‌లోడ్'తో ఒక ఫోల్డర్‌లోకి దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఇక్కడ పిప్‌కు 'నో-ఇండెక్స్' (నెట్‌లో వెతకొద్దు), 'ఫైండ్-లింక్స్' (ఈ ఫోల్డర్‌లో వెతుకు) ఇచ్చి ఎక్కించండి. దించిన మెషీన్‌లోనూ ల్యాబులోనూ పైథాన్ వెర్షన్ ఒకటే ఉండాలి, 32 బిట్టో 64 బిట్టో అదీ కలవాలి. లేకపోతే తెచ్చిన ఫైళ్లు ఉన్నా పిప్ వాటిని ముట్టుకోదు.

(తెర: 'తెలుగు' అనే మాట, పక్కన 6)

ఇక అసలు సరదా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి మొదటి ఉదాహరణ లేదు. 'తెలుగు' పొడవు ఎంతని పైథాన్‌ను అడిగితే 3 అనదు, 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య. 'రాష్ట్రం' అయితే 8, ఎందుకంటే ఒత్తు పడిన ప్రతిచోటా కంటికి కనిపించని పొల్లు ఒకటి ఉంటుంది. ఒడియా గుణింతాలూ ఇదే దారి. పిల్లలు తమ పేర్లతో లెక్కపెట్టుకోనివ్వండి, పది నిమిషాలు పోయినా ఫరవాలేదు.

అవే పేర్లు ఫైలులో రాయబోతే 'చార్‌మ్యాప్' అంటూ ఎర్రర్ రావచ్చు. విండోస్ తన పాత ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) వాడుతుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. ఫైలు తెరిచే 'ఓపెన్'లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే సరి, అందులో తెలుగు కూడా ఉంది.

ప్రశ్న అడిగేటప్పుడు "రావట్లేదు" అంటే నిపుణుడికి ఏమీ తెలియదు. ఎర్రర్‌లో చివరి వరస చదివి వినిపించండి. కారణం అక్కడే ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా, ఏదో ఒక సంఖ్యను ఎంచి ఇచ్చే 'ర్యాండమ్' మాడ్యూల్ (పైథాన్‌తోనే వచ్చే ఫైలు) పనిచేయకపోతే, మీ ఫైలు పేరు చూడండి. దానికీ 'ర్యాండమ్' అనే పెట్టి ఉంటారు. పైథాన్ ముందు మీ ఫోల్డర్‌లోనే వెతికి, మీ ఫైలునే తెచ్చుకుంటుంది. పేరు మార్చి మళ్లీ నడపండి.