డ్రాగన్లు సరే, మరి ప్రేమ సంగతేంటి? | ఈ మధ్య చదివిన ఫాంటసీ, రొమాన్స్ నవలలు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇవాళ్టి వీడియోతో డ్రాగన్ల అభిమానులకి నా మీద కోపం రావచ్చు. తిట్టండి, పర్వాలేదు. కాకపోతే మొత్తం విని తిట్టండి. ఈ మధ్య వరసపెట్టి ఫాంటసీలూ రొమాన్సులే చదివాను. కొన్ని ఏకబిగిన అయిపోయాయి, ఒకటి మధ్యలోనే మూలపడింది. పబ్లిషర్లు ఫ్రీగా పంపినవి ఇందులో ఒక్కటి కూడా లేవు. అన్నీ నా డబ్బులతో కొన్నవే, ఒకటి తప్ప. అది మా కజిన్‌ది, ఇంకా తిరిగివ్వలేదు. క్లైమాక్సులు చెప్పను, భయపడకండి. కానీ కథ మొదట్లో ఏం జరుగుతుందో చెప్పకుండా రివ్యూ కుదరదు కదా, ఆ మాత్రం చెప్తాను.

ప్రేమకథ ఏదైనా సరే, నేను ముందు వెతికేది ఒకటే. వీళ్ళిద్దరూ కలవడానికి అడ్డేమిటి? ఆ అడ్డు గట్టిదైతే కథ నిలబడుతుంది. అది ఉత్తుత్తి అడ్డయితే ఎన్ని మంత్రాలు వేసినా, ఎన్ని కత్తులు తిప్పినా నాకు ఎక్కదు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' గుర్తుందా? జయంతికీ రాజశేఖరానికీ మధ్య నిలబడింది ఏ విలనూ కాదు, జయంతి ఆత్మాభిమానం. అతనేమో బాగా డబ్బున్నవాడు, ఆమేమో ఉద్యోగం చేసుకుని బతుకుతున్న అమ్మాయి. ఆ అభిమానం కరిగేదాకా పాఠకులు ఆగారు, మళ్ళీ మళ్ళీ చదివారు. నా కొలత అదీ. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఒక్కొక్క పుస్తకం దగ్గరికి వెళ్దాం.

మొదటిది అందరూ ఎదురుచూసేదే, రెబెకా యారోస్ రాసిన 'ఫోర్త్ వింగ్'. 2023లో వచ్చింది. టిక్‌టాక్ మన దేశంలో 2020లోనే బ్యాన్ అయినా, అందులో పుస్తకాల గురించి వీడియోలు చేసే ఆ బుక్‌టాక్ గాలి రీల్స్ మీదుగా మన దాకా వచ్చేసింది. ఈ సిరీస్‌లో మూడో పుస్తకం 'ఓనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో వచ్చినప్పుడు మొదటి వారంలోనే 27 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఇంతమంది కొంటున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది కదా. ఉంది. మొదటి వంద పేజీల్లో ఉంది.

హీరోయిన్ పేరు వయొలెట్. లైబ్రరీలో కూర్చుని చరిత్ర రాసుకుందామని చిన్నప్పటి నుంచీ చదువుకున్న పిల్ల. వాళ్ళమ్మ సైన్యంలో జనరల్. కాదు, నువ్వు డ్రాగన్ రైడర్ల దగ్గరికే వెళ్ళాలి అని ఆర్డర్ వేస్తుంది. ఈ అమ్మాయివేమో ఊరికే విరిగే ఎముకలు, పట్టు తప్పే కీళ్ళు. కాలేజీలో చేరాలంటే ముందు గాలిలో ఉన్న ఒక సన్నటి రాతి వంతెన దాటాలి. కింద లోయ. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, జారితే అంతే. ఆ లైన్లో నిలబడి ఉండగా పక్కనున్న అమ్మాయి బూట్ల అడుగులు నున్నగా ఉన్నాయని గమనించి, వయొలెట్ తన బూట్లలో ఒకటి ఆమెకిచ్చి ఆమెది ఒకటి తను తొడుక్కుంటుంది. అంటే ఇప్పుడు ఇద్దరికీ ఒక్కో కాలు గట్టిగా ఆనుతుంది, ఒక్కో కాలు జారుతుంది. ఆ ఒక్క సీన్‌తో ఆ పిల్ల నాకు తెగ నచ్చేసింది. తెలివి ఉంది, భయం ఉంది, మనసూ ఉంది. వంతెన మీద వణుకు తగ్గడానికి చరిత్ర పాఠాలు వల్లె వేసుకుంటూ నడుస్తుంది చూడండి, అక్కడ పుస్తకం కింద పెట్టలేం.

ఇంతలో హీరో వస్తాడు. జేడెన్. ఇతని నాన్న తిరుగుబాటు నడిపాడు, హీరోయిన్ తల్లి పక్షం వాళ్ళే ఆయన్ని చంపించారు. చూశారా, అడ్డు ఎంత గట్టిదో? నా తండ్రి చావుకి కారణమైనవాళ్ళ కూతుర్ని ప్రేమించడమా అని ఒక మనిషి నలిగిపోతుంటే ఆ కథ ఎంత దూరం వెళ్ళాలి? వెళ్ళదు. చాలా పేజీలు అతని భుజాల గురించీ, మచ్చ గురించీ, అతను గదిలోకి రాగానే ఈమెకి ఊపిరాడకపోవడం గురించీ పోతాయి. మనం యద్దనపూడి హీరో అంటే ఆరడుగుల అందగాడు, పెద్ద కారు అని నవ్వుకుంటాం కదా. ఇక్కడ కారు బదులు డ్రాగన్, అంతే తేడా. పైగా రచయిత్రి ఒక రూల్ పెట్టింది. వాళ్ళిద్దరి డ్రాగన్లూ జంట, కాబట్టి ఈ ఇద్దరూ ఒకరికొకరు దూరంగా ఉండలేరు. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. దగ్గరవ్వాలా వద్దా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి, వాళ్ళ వాహనాలు తేలిస్తే ఎట్లా?

డ్రాగన్ల మాటలు మాత్రం బాగున్నాయండీ. టెయిర్న్ అని ఒక ముసలి నల్ల డ్రాగన్ ఉంటుంది, దానికి వెటకారం ఎక్కువ. హీరో కన్నా దానికే మంచి డైలాగులు పడ్డాయి. ఆండార్నా అనే చిన్న బంగారు రంగు డ్రాగన్ ఉంది, దాని కోసమైనా చదవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, అమ్మానాన్నలు వినండి. అట్ట మీద డ్రాగన్ బొమ్మ, లోపల కాలేజీ కథ అనగానే పిల్లల పుస్తకం అనుకుని ఎనిమిదో క్లాసు పిల్లలకి కొనకండి. ఇది పెద్దవాళ్ళ నవల. పడగ్గది సీన్లు దాపరికం లేకుండా, పేజీలకి పేజీలు ఉంటాయి. నాకేం అభ్యంతరం లేదు, కానీ కొనేవాళ్ళకి తెలిసుండాలి.

సరే, మధ్యలో మూలపడిందని చెప్పాను కదా, అది సారా జే. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్'. 2015 పుస్తకం. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను. వేటకి వెళ్ళిన ఫేరా ఒక తోడేలుని చంపుతుంది, దానికి బదులుగా మంత్రలోకం వాడొకడు వచ్చి ఆమెని తీసుకెళ్తాడు. ఆ తర్వాత చాలాసేపు తోటలు, విందులు, పెయింటింగులు. నాకు నిద్రొచ్చింది. అసలు కథ చివరి మూడో వంతులో ఉందని అభిమానులు అన్నారు కాబట్టి కొన్నాళ్ళాగి మళ్ళీ తీశాను. నిజమే, అక్కడ ఊపు వస్తుంది. కానీ అక్కడి విలన్ రాణి అడిగే ఆ పొడుపుకథ ఉంది చూడండి, ప్రాణాలు పోయేంత పెద్ద పొడుపుకథ, చందమామలో బేతాళుడి ప్రశ్నలు చదివి పెరిగినవాళ్ళు దానికి అక్కడికక్కడే జవాబు చెప్పేస్తారు. హీరోయిన్‌కి మాత్రం తట్టదు! రెండో భాగం ఇంకా బాగుంటుందని అందరూ అంటారు. ఏమో, నాకు ఓపిక లేదు.

ఇప్పుడు మా కజిన్ పుస్తకం. రెబెకా రాస్ 'డివైన్ రైవల్స్', ఇదీ 2023దే. ఇద్దరు దేవతలు నిద్రలేచి యుద్ధానికి దిగిన ఒక లోకం. ఐరిస్ అనే అమ్మాయి, రోమన్ అనే అబ్బాయి ఒకే పత్రికాఫీసులో పని చేస్తుంటారు. ఉన్నది ఒకటే కాలమిస్టు పోస్టు, దానికి ఇద్దరూ పోటీ. ఐరిస్ అన్న యుద్ధానికి వెళ్ళి కబురు లేడు. అతనికి టైప్‌రైటర్ మీద ఉత్తరాలు కొట్టి బీరువా తలుపు కిందకి తోస్తుంటుంది. అవి మాయమైపోతుంటాయి. ఎక్కడికి వెళ్తున్నాయంటే రోమన్ గదిలోకి. అతనికి ఎవరు రాస్తున్నారో తెలుసు, ఈమెకి ఎవరు చదువుతున్నారో తెలియదు.

ఇక్కడ అడ్డు ఏమిటో చూడండి. అతను చెప్పని ఒక నిజం. రోజు గడిచే కొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతుంది. ఆఫీసులో ఎదురుగా కూర్చుని దెప్పుకుంటారు, రాత్రి ఉత్తరాల్లో మనసు విప్పుకుంటారు. ఆమె ఇంటి పరిస్థితి, తల్లి తాగుడు, తిండికి కటకట, ఇవన్నీ పగలు పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలుసని ఆమెకి తెలియదు. చదువుతుంటే చెప్పేయరా బాబూ అని గట్టిగా అరవాలనిపించింది. మంత్రం ఎంత ఉండాలో అంతే ఉంది, ఒక టైప్‌రైటర్‌లో సరిపెట్టింది. లోపం ఎక్కడంటే దేవతల గొడవ. వాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారో, మనుషులు ఎవరి పక్షం ఎందుకు తీసుకుంటున్నారో సరిగా అర్థం కాదు. యుద్ధం అనే పేరుంటుంది గానీ రాజకీయం పలచగా ఉంటుంది. అయినా ఉత్తరాల కోసం చదవండి.

మధ్యలో ఒక మాట. రొమాన్సూ మాయా కలిపి రాయడం ఏదో ఇప్పుడే ఇంగ్లీషులో పుట్టింది అన్నట్టు మాట్లాడుతుంటారు. పదహారో శతాబ్దంలోనే మన పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడండీ. రంభ ప్రియుడు నలకూబరుడి మీద మనసుపడ్డ కలభాషిణి రంభ రూపం వేసుకుంటుంది, అసలు రంభ వస్తుంది, ఇద్దరూ నేనంటే నేను రంభనని తగువు పడతారు. ఇంతకన్నా పెద్ద ట్విస్ట్ ఏ రీల్‌లో చూశారు? పద్యాలు కష్టమనుకునేవాళ్ళకి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002 నుంచే ఉంది.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది, తాషా సూరి 'ది జాస్మిన్ థ్రోన్'. 2021లో వచ్చింది, 2022లో వరల్డ్ ఫాంటసీ అవార్డు తీసుకుంది. ఇందులో మనుషుల పేర్లు ప్రియ, మాలిని, భూమిక. మా కాలనీలో ఈ పేర్లు పెట్టి గట్టిగా పిలిస్తే ముగ్గురూ బాల్కనీలోకి వచ్చి చూస్తారు. అందుకని మొదటి పది పేజీలు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు పోయింది.

మాలిని రాకుమారి. చక్రవర్తి అయిన అన్న ఆమెని చితి ఎక్కమన్నాడు, ఎక్కనంది. అందుకు శిక్షగా కొండ మీద పాడుబడిన గుడిలో బంధించి, రోజూ మత్తుమందు తాగిస్తున్నారు. మీరు మందు అనుకునేరు, అది మెల్లగా చంపే విషం. ప్రియ అక్కడ పనిమనిషి. కానీ చిన్నప్పుడు అదే గుడిలో పెరిగిన పిల్ల, తనతో పెరిగిన పిల్లల్ని అక్కడే కాల్చి చంపితే ప్రాణాలతో మిగిలిన కొద్దిమందిలో ఒకతి. ఊళ్ళో ఒక వింత రోగం. పట్టినవాళ్ళ ఒంటి మీద ఆకులు మొలుస్తాయి, చర్మం కింద వేర్లు పాకుతాయి, జుట్టులో పూలు పూస్తాయి. రోగమొచ్చిన పిల్లల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. ప్రియ వాళ్ళకి తిండి పెడుతుంది.

ఈ ఇద్దరమ్మాయిల మధ్య ప్రేమ పుడుతుంది. అడ్డేమిటో చెప్పనా? ప్రియ దేశాన్ని అణిచిపెట్టింది మాలిని వంశమే. మాలినికి సింహాసనం మీదున్న అన్న పోవాలి, దానికి ప్రియ శక్తి కావాలి. ప్రియకి తన నేల మీద పరాయి పెత్తనం పోవాలి, దానికి మాలిని మాట కావాలి. ఒకరికొకరు అవసరం, ఒకరినొకరు వాడుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు. మాలిని బతిమాలినట్టు మాట్లాడుతూనే లెక్కలేసుకుంటుంది. ప్రియకి ఆ లెక్క అర్థమవుతూనే ఉంటుంది, అయినా మందు మోతాదు తగ్గిస్తుంది. ముద్దు పెట్టుకున్నంత మాత్రాన పోయే అడ్డు కాదండీ ఇది. అక్కడి నుంచి ఇంకా పెద్దదవుతుంది.

నా ఓటు మాత్రం భూమికకి. గవర్నర్ భార్య, నిండు గర్భిణి, పైకి మాట పెగలని ఇల్లాలు. లోపల ఏం నడుపుతోందో మొగుడికి కూడా తెలియదు. ఆ పాత్ర ఒక్కదాని మీదే నవల రాయొచ్చు. ఇక లోపాలంటే, కథ చెప్పే గొంతులు మరీ ఎక్కువ. ఒక ప్రభువు, ఒక తిరుగుబాటుదారు, మధ్యలో ఒక అధ్యాయం మాత్రమే కనిపించి పోయేవాళ్ళు. మొదటి వంద పేజీలు ఓపిక పట్టాలి. మూడు భాగాలూ పూర్తయ్యాయి కాబట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే టెన్షన్ లేదు. చివరిది 'ది లోటస్ ఎంపైర్' 2024లో వచ్చేసింది.

మంత్రాలు వద్దు, మామూలు రొమాన్స్ చెప్పమ్మా అనేవాళ్ళకి ఎమిలీ హెన్రీ 'బుక్ లవర్స్', 2022. నోరా న్యూయార్క్‌లో లిటరరీ ఏజెంట్, చార్లీ ఎడిటర్. ఒకరంటే ఒకరికి పడదు. ఇద్దరూ ఒకే పల్లెటూళ్ళాంటి చిన్న ఊళ్ళో తగులుకుంటారు, ఒకే నవల మీద కలిసి పని చేయాల్సి వస్తుంది. ఆ నవల్లో రాక్షసిలాంటి బాసు పాత్ర అచ్చం నోరాలాగే ఉంటుంది! తనమీద రాసిన తిట్లకి తనే మార్జిన్లో నోట్సు రాయాలి. మెట్రోలో నిలబడి చదువుతూ నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అక్కాచెల్లెళ్ళ కథ ప్రేమకథ కన్నా బరువైనది. అడ్డు కూడా నిజమైనదే: ఇల్లు, అమ్మానాన్నల బాధ్యత, ఉద్యోగం ఉన్న ఊరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఊళ్ళో అమ్మానాన్నల్ని వదిలేసి వచ్చినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కొనేవాళ్ళకి ఒక సలహా. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకాలన్నీ గుట్టలుగా దొరుకుతాయి. పాత ఒరిజినల్ దొరికితే అదృష్టమే, వదలకండి. కొత్తగా మెరుస్తూ సగం ధరకి ఇస్తున్నారంటే మాత్రం తెరిచి మ్యాప్ చూడండి. చాలా ఫాంటసీ నవలలకి ముందు పేజీల్లో మ్యాప్ ఉంటుంది. పైరసీ కాపీలో ఊళ్ళ పేర్లు చదవలేనంతగా నల్లగా అలుక్కుపోయి ఉంటాయి, ఒక్కోసారి అసలు ఉండవు. మధ్యలో పేజీలు ఎగిరిపోయినా అడిగే దిక్కుండదు. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ దాకా ఆగగలిగితే అక్కడ డిస్కౌంట్‌లో మంచి కాపీలే వస్తాయి.

నేనైతే తాషా సూరి రెండో భాగం 'ది ఒలియాండర్ సోర్డ్' ఆర్డర్ పెట్టేశాను, రాగానే దాని మీద విడిగా వీడియో చేస్తాను. డ్రాగన్ల రెండో భాగం 'ఐరన్ ఫ్లేమ్' మాత్రం నేను కొనను. మా కజిన్ కొంటానంటోంది, కొన్నాక అడిగి చదువుతా. ముందు దాని పాత పుస్తకం తిరిగిచ్చేయాలి.