పేర్లు తర్వాత, ముందు రాయి

సభకు నమస్కారం.

భూగర్భశాస్త్రం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి మూడు పేర్లు: అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. సాంఘిక శాస్త్రం పరీక్ష కోసం బట్టీ పడతారు, రాస్తారు, మరిచిపోతారు. మరెక్కడైనా సరే, కడపలో ఇలా జరగడం నాకు బాధగా ఉంటుంది. 1872లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్ల మీద పెద్ద నివేదిక వెలువరించారు. ఆయనా, ఆయన తర్వాత వచ్చినవారూ ఇక్కడి రాతి పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు. గువ్వలచెరువు, వేంపల్లె, తాడిపత్రి, నార్జి, బనగానపల్లె... భారత భూగర్భశాస్త్రం చదివేవారికి ఇవన్నీ పాఠాలు. మనకు మాత్రం బస్సు బోర్డు మీది పేర్లు.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పేర్లు తర్వాత చెప్పండి. ముందు రాయిని చేతికివ్వండి, లేదా పిల్లలను రాయి దగ్గరికి తీసుకెళ్లండి.

అంతదూరం కూడా పోనక్కరలేదు, వంటింట్లోకి వెళితే చాలు. కడప నల్లబండ పరిచిన గట్టు మీద నిమ్మరసం ఒలికితే ఏమవుతుందో ఇక్కడున్న అమ్మలందరికీ తెలుసు. మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. ఆ బండ సున్నపురాయి, నిమ్మరసం ఆమ్లం. అదే బండ ముక్కను మేకుతో గీకి, రాలిన పొడి మీద ఒక చుక్క వేసి, భూతద్దంలో చూపించండి. సన్నటి బుడగలు లేస్తాయి. అది బొగ్గుపులుసు వాయువు. ఇంత చూసిన పిల్లవాడు తప్పకుండా తర్వాతి ప్రశ్న అడుగుతాడు: వాన నీళ్లకు కూడా రాయి కరుగుతుందా?

కరుగుతుంది. వాన గాలిలోనూ, అంతకంటే ఎక్కువగా మట్టిలోనూ అదే వాయువును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సున్నపురాతి పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్లు పని చేస్తుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు అలా ఏర్పడినవే. 1884లో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశారు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలికి దిగి వాటిని వివరంగా పరిశీలించింది. గుహల పొడవు 3,229 మీటర్లు. గట్టు మీది మచ్చా, ఈ గుహలూ ఒకే రసాయన చర్య. ఈ సంగతి తెలిశాక బెలుం వెళ్లే పిల్లలు రంగు దీపాలను కాదు, గోడలను చూస్తారు.

ఇక కాలం సంగతి. మొదలుపెట్టే వారిని బెదరగొట్టేది ఇదే. మన కడప రాళ్లలో కొన్నింటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్లంటే ఎవరి ఊహకూ అందదు, అందాలని పట్టుబట్టడమూ తప్పే. అంకె కన్నా ముందు వరుస నేర్పాలి. కింది పొర ముందు, పై పొర తర్వాత. 1669లో నికోలస్ స్టెనో అనే శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది, ఐదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. రాయచోటి దారిలో పాలకోవా కోసం బస్సు ఆగే గువ్వలచెరువు ఈ పాఠానికి మంచి చోటు. ఆ చుట్టుపక్కల అడుగున ఉన్నది గ్రానైటు జాతి రాయి. దాని మీద ఇసుక గట్టిపడి ఏర్పడిన క్వార్ట్జైట్ పొరలు. ఆ పొరల అడుగు భాగంలో నున్నటి గులకరాళ్లు ఇరుక్కుని ఉంటాయి. గులకరాయి నున్నబడాలంటే నీళ్లు దొర్లించాలి. అంటే ఇసుక పేరుకునే నాటికే పాత రాళ్లు బయటపడి, విరిగి, ప్రవాహాల్లో అరిగాయి. అంకె ఒక్కటీ లేకుండా ఇంత కథ చదవగలిగాం కదా.

మన క్వార్ట్జైట్ బండల మీద కొన్నిచోట్ల అలల గుర్తులు కనిపిస్తాయి. వాటిని వేలితో తడిమించండి. గట్టుకు రెండు వైపులా వాలు సమానంగా ఉంటే, నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగిన లోతులేని తీరం. ఒక వైపు వాలుగా, మరో వైపు నిటారుగా ఉంటే ప్రవాహం, అది నిటారు వైపుకు పారింది. వేంపల్లె పొరల్లోనైతే అడ్డంగా కోసిన ఎర్రగడ్డలా వలయాలు కనిపిస్తాయి. వాటిని కట్టినవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. చేపలూ చెట్లూ లేని కాలపు జీవం అది. దయచేసి వాటిని సుత్తితో కొట్టనివ్వకండి, ఫొటో చాలు.

ఇదంతా సరదా కోసమేనా అని అడిగేవారుంటారు. అనంతపురం వైపు రైతును అడగండి. ఒక బోరులో నీళ్లు పడతాయి, పక్క చేలో ఎంత లోతు దించినా పొడి దుమ్మే వస్తుంది. గ్రానైటులో నీళ్లుండేది పైన మెత్తబడిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ మాత్రమే. పగులు తగలకపోతే లోతు పెంచినా లాభం లేదు. చెరువు ఎండితే పై పొరా ఎండుతుంది. ఈ నాలుగు ముక్కలు బడిలోనే తెలిసిన పిల్లవాడు రేపు అప్పు చేసి బోరు వేసే ముందు తన నేల కింద ఏ రాయి ఉందో, పగుళ్లు ఎటు సాగాయో అడుగుతాడు. ఆ ప్రశ్న అడగడానికి డిగ్రీ అవసరం లేదు.

ఇక మీరు అడగండి. ఎవరైనా రాయి తెచ్చుకుని ఉంటే ముందుకు తీసుకురండి, ముందు దాన్ని చూద్దాం.