ఏఎస్‌యూ మంచిదేనా అక్కా? టెంపే క్యాంపస్‌లో ఒక శనివారం

హాయ్ అండీ, అందరికీ నమస్తే. "ఏఎస్‌యూ మంచిదేనా?" అని అడిగే ఫోన్లు మాకు జనవరిలో మొదలైతే మే దాకా ఆగవు. అమెరికాలో మేముండే చాండ్లర్ నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, అదే ఈ ఏఎస్‌యూ, టెంపే క్యాంపస్ కారులో 20 నిమిషాలు. దాంతో మా చుట్టాల లెక్కలో అక్కడ సీట్లిచ్చేది నేనే. నేనక్కడ ఒక్క క్లాసు కూడా వినలేదమ్మా అన్నా ఊరుకోరు. అందుకే ఇవాళ అక్కడ చదువుతున్న ఇద్దర్ని వెంటేసుకొచ్చాను. ఒకడు మా పిన్ని కొడుకు, తెనాలి నుంచి వచ్చి కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఇంకొకరు మా పక్కింటి అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, డిగ్రీ రెండో సంవత్సరం. మొహాలు, పేర్లు వద్దన్నారు కాబట్టి మీకు చెట్లూ బిల్డింగులే కనిపిస్తాయి, ఏమనుకోకండి.

ఇదిగో, ఇది పామ్ వాక్. 1916లో నాటిన పాత చెట్లు ముసలివైపోతే వాటి చోట ఖర్జూరం చెట్లు పెట్టారు. నీడకి నీడ, పండ్లకి పండ్లు. కోతకొచ్చినప్పుడు వాలంటీర్లుగా వెళ్ళి కోయొచ్చు కూడా. ఆ పక్కన కనిపించే నారింజ కాయల్ని చూసి మాత్రం మోసపోకండి. చూడ్డానికి కమలాపండే, నోట్లో పెడితే నిమ్మకాయ నయమనిపిస్తుంది.

ముందు ర్యాంకు గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే నాన్నలందరూ అడిగేది అదే. యూఎస్ న్యూస్ వాళ్ళ జాబితాలో, కొత్త ఆలోచనలు చేసే యూనివర్సిటీల విభాగం 2015లో మొదలైంది. అప్పట్నుంచీ ఏడాదికేడాది అందులో మొదటి పేరు దీనిదే. అదే పత్రిక దేశం మొత్తానికి ఇచ్చే ర్యాంకుల్లో మాత్రం ఇటీవల 100 తర్వాతే వస్తోంది. కన్సల్టెన్సీ వాళ్ళు రెండోది చూసి దీన్ని "సేఫ్", అంటే సీటు దాదాపు ఖాయం అనే ఖానాలో రాస్తారు, యూనివర్సిటీ వాళ్ళు మొదటిది బ్యానర్ల మీద రాసుకుంటారు. రెండూ నిజమే, రెండూ మీ అబ్బాయికి పనికొచ్చే ముక్క కాదు. డిగ్రీకి దరఖాస్తు పెట్టినవాళ్ళలో 100కి 90 మంది దాకా సీటిస్తారని కొందరు చిన్నచూపు చూస్తారు. అది వీళ్ళు తెలిసి చేస్తున్న పనే. ఎంతమందిని వద్దన్నామన్నది మా గొప్ప కాదు, ఎంతమందిని చేర్చుకుని గట్టెక్కించామన్నదే లెక్క, అని చార్టర్‌లోనే, అంటే తమ ఆశయాల పత్రంలోనే, రాసుకున్నారు. 2002 నుంచి ఉన్న ప్రెసిడెంట్ మైకేల్ క్రో పద్ధతే అది.

పార్టీ స్కూల్ అనే పేరూ పాతదే. ఆయన వచ్చిన 2002లోనే ఒక పెద్దల పత్రిక (పేరు మా పిల్లల ముందు చెప్పను) పార్టీల్లో దీనికి ఫస్టు ర్యాంకు ఇచ్చింది. ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. మా వాడిని అడిగితే పగలబడి నవ్వాడు. "పార్టీనా అక్కా? రాత్రి 12కి కేక్ కోసి, మొహాన పూసి, పొద్దున్నే అసైన్‌మెంట్ సబ్మిట్ చేస్తాం. మా పార్టీ అంతే."

వాడి రోజు వినండి. అపాచీ బూలవార్డ్ దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఐదుగురు. హాల్లో పడుకునేవాడికి అద్దె తక్కువ, వీడు హాల్లోనే. వంట వంతుల వారీగా. క్యాంపస్‌కి ఆర్బిట్ బస్సు, టెంపే ఊరివాళ్ళు ఉచితంగా నడుపుతారు. సెమిస్టర్‌కి మూడు కోర్సులు, అంటే 9 క్రెడిట్లు. దానికి తోడు డైనింగ్ హాల్లో ఉద్యోగం. ఎఫ్‌-1, అంటే స్టూడెంట్ వీసా, మీద ఉన్నవాళ్ళు క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు. ఆ 20 గంటలూ దొరికితే అదృష్టమే.

"చదువు బాగుంటుంది కానీ, ప్రొఫెసర్‌కి నా పేరు తెలియకుండానే నా డిగ్రీ అయిపోతుంది అక్కా" అన్నాడు. క్లాసు నిండా జనం, అందులో సగం మనవాళ్ళే, ఇక అమెరికా వచ్చినట్టు ఎలా ఉంటుందని వాడి బాధ. వీడు మెచ్చుకున్నవీ ఉన్నాయి. అల్గారిథమ్స్ కోర్సు చెమటలు పట్టించిందట, ఇక్కడ ఇంటర్వ్యూల్లో అడిగేది సరిగ్గా అదేనట. ఇంకో తమాషా, ఇక్కడ ఒక కోర్సులో ఏ ప్లస్ వస్తే 4.33 పాయింట్లు. నాలుక్కి 4.33 వచ్చిందని ఇంటికి చెబితే మా బాబాయ్ నమ్మలేదు, స్క్రీన్‌షాట్ అడిగాడు.

"మరి ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి ఎప్పుడైనా వెళ్ళావురా?" అన్నాను. అంటే ప్రొఫెసర్లు స్టూడెంట్స్‌తో విడిగా మాట్లాడటానికి కేటాయించే టైమ్.

"ఆ టైమ్‌కి నాకు షిఫ్ట్ ఉంటుంది."

పక్కింటి అమ్మాయి ఇదంతా వింటూ నోరెళ్ళబెట్టింది. తను చదివేది బ్యారెట్ ఆనర్స్ కాలేజీలో. పెద్ద యూనివర్సిటీ కడుపులో ఇంకో చిన్న కాలేజీ అది, హాస్టళ్ళూ భోజనాలూ అన్నీ వేరు. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లూ ది హ్యూమన్ ఈవెంట్ అని ఒక క్లాసు ఉంటుంది. కొద్దిమందే టేబుల్ చుట్టూ కూర్చుని, చదివొచ్చిన పుస్తకం మీద వాదించుకోవాలి. అక్కడ నోరు విప్పకుండా కూర్చుంటే కుదరదు. "మా ప్రొఫెసర్‌కి నా పేరే కాదు ఆంటీ, మా కుక్క పేరు కూడా తెలుసు" అంది. స్టూడెంట్ క్లబ్బులు 1,000కి పైగా ఉన్నాయిట, తను మూడింట్లో ఉంది. తనకి వచ్చిన చిక్కల్లా ఏది వదులుకోవాలో తెలియకపోవడం.

మెమోరియల్ యూనియన్‌లో కాఫీ తాగుతుంటే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "అన్నా, మీ తెలుగువాళ్ళు ఎప్పుడూ మీలో మీరే ఉంటారు. క్లాసులో పక్కన కూర్చున్నా మాట్లాడరు" అంది ఆ అమ్మాయి, తనూ తెలుగుపిల్లే అన్న సంగతి మర్చిపోయి. మా వాడికి చురుక్కుమంది. "నీకు జ్వరమొస్తే మీ అమ్మ 20 నిమిషాల్లో చారు పట్టుకొస్తుంది. నాకు ఆ చారు పెట్టింది నా రూమ్మేట్లే. వాళ్ళతో కాక ఇంకెవరితో తిరగాలి?"

నేను వాడి పక్షమే, దాపరికం లేదు. ఆ అమ్మాయిది తప్పని కాదు. అరిజోనా వాళ్ళకి డిగ్రీ ఫీజు, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు కట్టే దాంట్లో మూడోవంతు దగ్గర ఉంటుంది. తనకి నాలుగేళ్ళ టైముంది. వీడికి ఊళ్ళో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి) మొదలైతే ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు. చేరిన రోజు నుంచే ఆ టెన్షన్ బుర్రలో తిరుగుతుంటే ఏ క్లబ్బుకి వెళ్తాడు? ఇంత పెద్ద చోట ఏదైనా మనం వెళ్ళి అడిగితేనే దొరుకుతుంది, అడగడానికి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని వీడు గంటల లెక్కన డైనింగ్ హాలుకి అమ్ముకుంటున్నాడు. యూనివర్సిటీ గురించి వీళ్ళిద్దరూ చెప్పిన దాంట్లో సగం నిజానికి వాళ్ళ బ్యాంకు అకౌంట్ల గురించే. అయినా, వారానికి ఒక్క గంట ఆఫీస్ అవర్స్‌కి తీయరా అని తిట్టాను. రేపు రికమండేషన్ లెటర్ రూమ్మేట్ రాయడు కదా.

చివరికి ఫుట్‌బాల్ దగ్గర రాజీపడ్డారు, దాదాపుగా. 2024 సీజన్‌లో వీళ్ళ టీమ్ బిగ్ 12 అనే కాలేజీల లీగ్‌లో ఛాంపియన్ అయ్యింది, ఆ అమ్మాయి ఇంకా ఆ మత్తులోనే ఉంది. "అన్నా, ఒక్క మ్యాచ్‌కి రా. ఫీజులోనే అథ్లెటిక్స్ ఫీజు ఉంటుంది, విడిగా టికెట్ కొనక్కర్లేదు" అంది. మా వాడు ఫోన్ తీసి ఫీజు రసీదు వెతికాడు. ఉంది. ఇన్నాళ్ళూ కడుతూనే ఉన్నాడు. మొహంలో రంగు మారింది. "ఎప్పుడుంటాయి మ్యాచ్‌లు?" అన్నాడు. ఎక్కువగా శనివారాలేనంది. "శనివారం షిఫ్ట్."

సరే, ఫోన్ చేసేవాళ్ళకి నాదో విన్నపం. మంచిదేనా అని కాదు, ఏ కోర్సు, లోన్ ఎంత అన్నది చెప్పి అడగండి. ఇంకొకటి, ఆ కోర్సు ఏ క్యాంపస్‌లోనో ముందు చూసుకోండి. ఫీనిక్స్ చుట్టుపక్కల ఏఎస్‌యూకి నాలుగు క్యాంపస్‌లున్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఎంఎస్ నడిచేది టెంపేలో కాదు, మెసా వైపు ఉన్న పాలిటెక్నిక్ క్యాంపస్‌లో. స్నేహితులున్నారని టెంపేలో లీజు మీద సంతకం పెట్టేసి, తర్వాత అడ్మిట్ లెటర్ సరిగ్గా చదివేవాళ్ళని ప్రతి ఆగస్టులో చూస్తున్నాను. క్యాంపస్‌ల మధ్య యూనివర్సిటీ షటిల్ ఉంది, నిజమే. కానీ 43 డిగ్రీల ఎండలో స్టాపు దాకా నడవాల్సింది మీరే.